ఇల్లూ పెళ్ళీ

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ రెండు కష్టాలూ ఒకే కథలో కలిసిన వైనం చెబుతాను, వినండి.

అమెరికాలో అలబామా రాష్ట్రం, మాంట్‌గొమరీ ఊరు. మిలార్డ్ ఫుల్లర్ అనే లాయరు ముప్పై ఏళ్ళకే వ్యాపారంలో కోటీశ్వరుడయ్యాడు. పెద్ద ఇల్లు, కార్లు, అన్నీ ఉన్నాయి. ఇంట్లో భర్త మాత్రం ఉండడు! 1965లో భార్య లిండా విసిగిపోయి న్యూయార్క్ వెళ్ళిపోయింది. ఆయన వెనకే పరుగెత్తాడు. ఇద్దరూ కూర్చుని ఏడ్చి, మాట్లాడుకుని, ఉన్న ఆస్తంతా అమ్మి దానం చేసేద్దామని నిర్ణయించుకున్నారు.

తర్వాత జార్జియాలోని కొయినోనియా అనే పొలానికి చేరారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి బతకాలని క్లారెన్స్ జోర్డాన్ అనే క్రైస్తవ బోధకుడు, మరికొందరు 1942లో పెట్టిన చోటు అది. చుట్టుపక్కల పేద కుటుంబాలు కొళాయి కూడా లేని గుడిసెల్లో ఉండేవి. 1968లో అక్కడే ఆలోచన పుట్టింది. ఇళ్ళు లాభం లేకుండా అమ్మాలి, అప్పుకి వడ్డీ ఉండకూడదు, కట్టిన వాయిదాలతో ఇంకొకరి ఇల్లు లేవాలి. మొదటి ఇల్లు పూర్తవకముందే, 1969లో జోర్డాన్ చనిపోయాడు. పని మాత్రం ఆగలేదు.

ఫుల్లర్ దంపతులు పిల్లలతో సహా ఆఫ్రికాలోని జైర్ వెళ్ళి మూడేళ్ళు ఇదే పద్ధతిలో ఇళ్ళు కట్టించారు. తిరిగొచ్చి 1976లో "హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ" సంస్థ పెట్టారు. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, భార్య రోజలిన్ 1984లో న్యూయార్క్ వెళ్ళి, 19 కుటుంబాల కోసం ఒక పాత భవనాన్ని బాగుచేసే పనిలో చేతులు కలిపాక ఈ పేరు అందరికీ తెలిసింది.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఇల్లు పొందే కుటుంబం ఊరికే చేయి చాచదు. స్వచ్ఛంద సేవకుల పక్కన నిలబడి తానూ మేకులు కొడుతుంది, రంగులు వేస్తుంది. తన ఇంటికే కాదు, పక్కవాళ్ళ ఇంటికి కూడా. ఆ చెమటే వాళ్ళ వాటా. 1991లో షార్లెట్ నగరంలో ఆడవాళ్ళే కలిసి ఒక ఇల్లు కట్టేశారు కూడా!

మన దేశంలో ఈ పని ఎక్కడ మొదలైందో తెలుసా? 1983లో, మన ఖమ్మంలో! 2006లో కార్టర్ దంపతులు లోనావాలా దగ్గరికి వచ్చి, వేలమంది సేవకులతో కలిసి ఇళ్ళు కట్టారు.

మా ఇల్లు కట్టుకునే రోజుల్లో నేనూ మావారూ మాట్లాడుకున్నదంతా సిమెంటు ధర, బ్యాంకు వాయిదాల గురించే. గృహప్రవేశం నాటికి ఇద్దరికీ మాటలు అయిపోయాయి. లిండా కథ చదివాక, ఆ రాత్రి టీవీ కట్టేసి ఆయన పక్కన కూర్చున్నాను. "ఏమైంది?" అన్నారు. "ఏమీ లేదు, ఊరికే" అన్నాను. చాలాసేపు మాట్లాడుకున్నాం.