‘బిగ్’ – ‘పెద్ద’ : పెదకాకాని నిదర్శనము

ఆంగ్లవిశేషణమగు ‘బిగ్’ 14వ శతాబ్ది ప్రాంతమున బలమును సూచించి, పిదప పరిమాణవాచకమయ్యెను. మనము దానిని ‘పెద్ద’ యని తెనిగింతుము. ‘పెద్ద యిల్లు’ అనునపుడది చెల్లును. కాని ‘బిగ్ డే’ శుభదినము. ‘పెద్దదినము’ మన పల్లెలలో అపరకర్మ.

కారణమేమి? ‘పెద్ద’ పరిమాణముతోపాటు వయస్సును, వరుసను, గౌరవమును, ప్రాధాన్యమును మోయుచున్నది. ‘ఊరిపెద్ద’లో నామవాచకమైనది, కృష్ణదేవరాయల కాలమున (1509–1529) ‘పెద్దన’ యని కవి పేరైనది. గుంటూరు జిల్లాలోని పెదకాకాని, చినకాకాని యను పేర్లలో ‘పెద’ ఊరిని వర్ణించుటకంటె, ఒకే పేరు గల రెండూళ్లను వేరుపరచుటకే యుపకరించుచున్నది. ‘పెదనాన్న’ యందును అది వరుసనే తెలుపును, దేహపరిమాణమును కాదు.

కావున ఆంగ్లపాఠమున మాటకు మాట చెప్పి విడువరాదు. వాక్యములలో వాడుకను చూపవలెనని మా యభిప్రాయము.