యానాదుల భూమి హక్కులు

యానాదులు ఆంధ్ర ప్రదేశ్ లోని ఒక షెడ్యూల్డు తెగ. గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతాలలోనూ నెల్లూరు తీరం వెంబడీ ఎక్కువగా నివసిస్తారు. శ్రీహరికోట దీవి వీరి పాత నివాసం. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంపిక చేసిన తరువాత అక్కడి కుటుంబాలు చాలావరకు తరలిపోవలసి వచ్చినది.

ఈ తీరంలో షెడ్యూల్డు ప్రాంతమేదీ లేదు. అందువలన గిరిజనుల భూమి ఇతరులకు బదిలీ కాకుండా ఆపే 1959 నాటి నిబంధనలు, వాటి 1970 సవరణ ఇక్కడ వర్తించవు. ప్రభుత్వమిచ్చిన డి-పట్టా భూమికి మాత్రం 1977 నాటి అసైన్డు భూముల చట్టం రక్షణగా నిలిచినది: భూమి వారసులకు వస్తుంది, అమ్మరాదు. 20 ఏళ్ళు నిండిన భూములపై పూర్తి హక్కుకు 2023 సవరణ దారి తెరచినది. అమ్ముకొనే హక్కు వస్తే ఆ రక్షణ పోతుందన్నది గమనార్హం.

మిశ్రమ కుటుంబాలు

తల్లి యానాది, తండ్రి ఇతర కులస్థుడు అయిన కుటుంబాలలో చిక్కు ఎక్కువ. హిందూ వారసత్వ చట్టం (1956) సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కనుక తల్లి భూమి ఎవరికి చెందాలన్నది తెగ ఆచారాన్ని బట్టి తేలవలసినదే.

బిడ్డల తెగ ధ్రువీకరణ వేరే విషయం. తండ్రి కులమే బిడ్డకు వస్తుందని భావించటం పరిపాటి. అది తిరుగులేని సూత్రం కాదని, తల్లి వర్గంలోనే పెరిగి అదే వెనుకబాటు అనుభవించినట్లు బిడ్డ నిరూపించుకోవచ్చునని 2012లో రమేశ్ భాయి దభాయి నాయికా కేసులో సుప్రీం కోర్టు తెలిపినది. అమెరికాలో ఓజిబ్వే తెగతో 1854లో జరిగిన లా పాయింట్ ఒప్పందం మిశ్రమ సంతతి కుటుంబ పెద్దలకు 80 ఎకరాల చొప్పున నేరుగా హక్కు ఇచ్చినది (ఆ హక్కు పత్రాలు అనేకం కలప వ్యాపారుల పాలైనవి). ఇక్కడ అటువంటి ఒప్పందమేదీ లేదు. నిరూపణ భారం బిడ్డదే.