చిన్న విమానాల ల్యాండింగ్‌లో విండ్ షియర్

కొద్ది దూరంలోనే గాలి వేగం గాని, దిశ గాని, రెండూ గాని ఒక్కసారిగా మారిపోవడాన్ని విండ్ షియర్ అంటారు. ఈ మార్పు ఎత్తును బట్టి రావచ్చు, ఒకే ఎత్తులో ఒక చోటికీ మరొక చోటికీ మధ్య కూడా రావచ్చు. చాలా ఎత్తున ఎగిరే విమానానికి ఇది సాధారణంగా కుదుపుగా మాత్రమే తెలుస్తుంది. దిగుతున్న విమానం అప్పటికే తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో ఉంటుంది కనుక, కోల్పోయిన ఎత్తును తిరిగి పొందడానికి దానికి వ్యవధి ఉండదు. అందువలన రన్‌వే మట్టం నుండి 500 మీటర్ల ఎత్తులోపు ఏర్పడే విండ్ షియర్‌పై విమానాశ్రయాల వాతావరణ కేంద్రాలు ప్రత్యేక హెచ్చరికలు జారీ చేస్తాయి.

కారణాలు

ఉరుములతో కూడిన క్యుములోనింబస్ మేఘాలు దీనికి అత్యంత ప్రమాదకరమైన కారణం. మేఘంలో వాన చినుకులు ఆవిరవుతున్నపుడు చుట్టూ ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, వేగంగా కిందికి దిగుతుంది. ఆ గాలి నేలను తాకి అన్ని వైపులకూ విరజిమ్మబడుతుంది. నాలుగు కిలోమీటర్ల కంటే తక్కువ వ్యాసంలో ఇలా జరిగితే దానిని మైక్రోబర్స్ట్ అంటారు. ఇది సాధారణంగా 5 నుండి 15 నిమిషాలలో సమసిపోతుంది.

బోయినపల్లి, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల వారికి ఈ గాలి కొత్తది కాదు. ఎండాకాలం సాయంత్రం వానకు ముందే చల్లటి గాలిదుమారం వచ్చి మామిడికాయలను రాల్చుతుంది, కల్లాలలోని వడ్ల మీద కప్పిన పట్టాలను లేపుతుంది. మేఘం నుండి దిగిన చల్లగాలి నేల వెంట ముందుకు తోసుకువచ్చే అంచు అదే. వాన ఇంకా దూరాన ఉండగానే ఈ అంచు రన్‌వేను చేరగలదు.

ఇవి కాక కొండలు, చెట్ల వరుసలు, పెద్ద కట్టడాలు గాలిని అడ్డగించడం, తీరప్రాంతాలలో సముద్రపు గాలి ప్రవేశించడం, రాత్రివేళ నేల చల్లబడి పైగాలికీ కిందిగాలికీ సంబంధం తెగిపోవడం కూడా విండ్ షియర్‌కు కారణమవుతాయి.

దిగే సమయంలో జరిగేది

విమానాన్ని మోసేది నేల మీద దాని వేగం కాదు. రెక్కల మీదుగా ప్రవహించే గాలి వేగం. ఉదాహరణకు, సెస్నా 172 వంటి నాలుగు సీట్ల విమానం గాలితో పోల్చితే గంటకు 120 కి.మీ. వేగంతో దిగుతున్నదని అనుకుందాం. ఎదురుగాలి 40 కి.మీ. ఉంటే నేలతో పోల్చినపుడు దాని వేగం 80 కి.మీ. మాత్రమే. ఆ ఎదురుగాలి హఠాత్తుగా ఆగిపోతే రెక్కలపై గాలి వేగం కూడా 80 కి.మీ.కు పడిపోతుంది. బరువును, ఫ్లాప్‌ల స్థితిని బట్టి ఈ విమానం సుమారు 75 నుండి 90 కి.మీ. మధ్య స్టాల్ అవుతుంది, అనగా రెక్కలు మోసే శక్తిని కోల్పోతాయి. ఎదురుగాలి ఆగడమే కాక 20 కి.మీ. వెనుకగాలిగా మారితే మిగిలేది 60 కి.మీ. మాత్రమే.

మైక్రోబర్స్ట్‌లో ప్రమాదం మూడు దశలలో వస్తుంది. మొదట ఎదురుగాలి పెరిగి విమానం పైకి లేస్తుంది. పైలట్ ఇంజను శక్తిని తగ్గించి ముక్కును దించుతాడు. వెంటనే కిందికి దిగే గాలి, ఆపై వెనుకగాలి ఎదురవుతాయి. శక్తి ఎక్కువగా కావలసిన క్షణానికి అది తక్కువగా ఉంటుంది.

చిన్న విమానాల పరిమితి

తేలికైన విమానం గాలి మార్పుకు తొందరగా సర్దుకుంటుంది, పిస్టన్ ఇంజను కూడా త్వరగా స్పందిస్తుంది. అయితే దాని మిగులు శక్తి స్వల్పం. సెస్నా 172 సముద్రమట్టం వద్ద నిమిషానికి సుమారు 220 మీటర్లు మాత్రమే ఎక్కగలదు. తీవ్రమైన మైక్రోబర్స్ట్‌లో గాలి నిమిషానికి 1,800 మీటర్ల వరకు కిందికి దిగవచ్చు. సుమారు 530 మీటర్ల ఎత్తున ఉన్న బేగంపేట వంటి చోట, మే నెల ఎండలో గాలి పలుచబడినపుడు ఎక్కే శక్తి ఇంకా తగ్గుతుంది.

చరిత్ర

1975 జూన్ 24న న్యూయార్క్‌లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 727 దిగుతూ కూలి 113 మంది మరణించారు. ఈ ప్రమాదాన్ని పరిశీలించిన షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా, మేఘం నుండి బలంగా దిగే గాలియే కారణమని వివరించాడు. 1985 ఆగస్టు 2న డల్లాస్‌లో డెల్టా విమానం మైక్రోబర్స్ట్‌లో చిక్కుకొని 137 మంది మరణించిన తరువాత అమెరికాలో ప్రయాణికుల జెట్ విమానాలకు హెచ్చరిక పరికరాలు తప్పనిసరి అయ్యాయి. శిక్షణకు వాడే చిన్న విమానాలలో సాధారణంగా ఇవి ఉండవు.

తెలుగు రాష్ట్రాలలో

హైదరాబాదు, మచిలీపట్నం, విశాఖపట్నాలలో భారత వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు ఉన్నాయి. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ, బేగంపేట చిన్న విమానాల శిక్షణకు పేరుపొందినవి. 1980లలో వాయుదూత్ విమానాలు దిగిన బసంత్‌నగర్ వంటి చిన్న రన్‌వేల వద్ద గాలి దిశను చూపే గుడ్డ గొట్టమే పైలట్‌కు ప్రధాన ఆధారం.

2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ వద్ద ఒక శిక్షణ విమానం ప్రతికూల వాతావరణంలో పొలంలో కూలి ఇద్దరు శిక్షణ పైలట్లు మరణించారు. ఇది దిగే సమయంలో జరిగినది కాకపోయినా, ఉరుముల మేఘాల దరిదాపులలో చిన్న విమానం ఎంత నిస్సహాయమో తెలుపుతుంది.

సూచనలు, జాగ్రత్తలు

* రన్‌వే రెండు చివరల గుడ్డ గొట్టాలు వేర్వేరు దిశలు చూపడం, నేలపై ధూళి వలయంగా లేవడం ప్రమాద సూచనలు.
* మేఘం కింద వేలాడే వాన తెర నేలను చేరకముందే ఆవిరవుతున్నా మైక్రోబర్స్ట్ ఉండవచ్చు. వాన పడనంత మాత్రాన క్షేమమని భావించరాదు.
* వేగం అకస్మాత్తుగా గంటకు 25 - 30 కి.మీ. మారితే ల్యాండింగ్ విరమించి, పూర్తి శక్తితో పైకి లేవాలి. దీనిని గో-అరౌండ్ అంటారు.
* గాలి ఉద్ధృతులు ఉన్నపుడు వాటి హెచ్చుతగ్గులలో సగాన్ని దిగే వేగానికి కలపడం వాడుక. ఇది సాధారణ గాలులకే గాని మైక్రోబర్స్ట్‌కు చాలదు.
* ముందు దిగిన పైలట్ విండ్ షియర్‌ను ఎదుర్కొంటే వెంటనే రేడియోలో తెలపాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది వేచి ఉండడం. మైక్రోబర్స్ట్ ఆయుష్షు కొద్ది నిమిషాలే. అయితే ఒక మేఘం వెంట మరొకటి రావచ్చును. కనుక మేఘం దాటిపోయే వరకు దూరంగా చక్కర్లు కొట్టడానికి గాని, మరొక రన్‌వేకు వెళ్ళడానికి గాని చాలినంత ఇంధనం ఉంచుకొని బయలుదేరడమే చిన్న విమానానికి నమ్మదగిన రక్షణ.