పిట్సియోలాక్ అషూనా: ఒక వితంతువు చిత్రించిన చరిత్ర

చరిత్ర యనగా రాజుల వంశావళులును, యుద్ధముల తేదులును అని మేము బాల్యమున వల్లించితిమి. నేడు మా విద్యార్థులచేతను మిక్కిలిగా వానినే వల్లింపించుచున్నాము. చలికి బిడ్డ చావకుండ చర్మపు దుస్తు కుట్టిన తల్లి పేరు ఆ పుస్తకములలో కానరాదు. అట్టి తల్లి యొకతె తానే తన జాతిచరిత్రను చిత్రించినచో అది యెట్లుండునో తెలిసికొనగోరువారు కెనడా దేశపు ఉత్తరధ్రువ ప్రాంతమున జీవించిన పిట్సియోలాక్ అషూనా వృత్తాంతమును వినదగును.

ఈమె ఇన్యూట్ జాతి స్త్రీ. ఇతరులు పూర్వము వీరిని ఎస్కిమోలని పిలిచిరి గాని, వారు తమ్ము ఇన్యూట్ అనియే చెప్పుకొందురు. ఆ మాటకు వారి భాషలో ‘మనుష్యులు’ అని యర్థము. క్యూబెక్ ఉత్తరతీరమునుండి బాఫిన్ ద్వీపమునకు పోవుచు తలిదండ్రులు త్రోవలో నాటింగ్‌హామ్ ద్వీపమున నిలిచియుండగా, 1904-1908 సంవత్సరముల నడుమ ఈమె జన్మించెను. పిట్సియోలాక్ అనునది యొక సముద్రపక్షి పేరు. చిన్ననాడే తండ్రి గతింపగా, పినతండ్రి వరసవాడు పూనుకొని, 1922-23 ప్రాంతమున అషూనా యను వేటకానికిచ్చి వివాహము చేసెను. ఆమెకు పదునేడుగురు బిడ్డలు కలిగిరి. వారిలో కొందరు పసితనముననే మరణించిరి. కొందరిని జాత్యాచారము ననుసరించి ఇతరులకు పెంపునకిచ్చిరి. ఆమెయొద్ద పెరిగి పెద్దవారైనవారు ఆరుగురే.

ఆ దేశమున సేద్యము లేదు. సీలు జంతువును, కారిబూ యను దుప్పిని పురుషుడు వేటాడి తేవలెను; ఆ చర్మములను స్త్రీ గీరి, మెత్తపరచి, నెలవంకవంటి కత్తితో కోసి దుస్తులు కుట్టవలెను. పాదరక్షలో కుట్టు వదలి నీరు చొచ్చెనా, మంచుపైనున్న వేటకాని కాలు గడ్డకట్టి చెడిపోవును. కావున వేటకాని బాణమెంతటిదో అతని భార్య సూదియు నంతటిదే. ఒకరు లేక వేరొకరు బ్రతుకజాలరు. ఇట్టి చోట భర్తను గోలుపోయిన స్త్రీ గతి యేమగునో చెప్పనక్కరలేదు. అషూనా నలుబదియేండ్ల ప్రాయముననే వ్యాధిపాలై మరణించెను. బిడ్డలు చిన్నవారు. పిట్సియోలాక్ సంసారము చాలకాలము ఆకలితో కాలము గడపెను.

1950 తరువాతి సంవత్సరములలో జేమ్స్ హూస్టన్ అను చిత్రకారుడు కేప్ డార్సెట్ గ్రామమున నుండి, అచటివారి శిల్పములను దక్షిణ నగరములలో విక్రయింపజేయుచుండెను. అతడు జపానునకు పోయి ఉనిచి హిరత్సుక యను నిపుణునియొద్ద ముద్రణకళ నభ్యసించి వచ్చెను. 1959లో కేప్ డార్సెట్ ముద్రాచిత్రముల తొలి సంపుటము వెలువడెను. గ్రామస్థుల సహకార సంఘమును ఏర్పడెను. అంతకు ముందు పిట్సియోలాక్ అమ్మకమునకై దుస్తులు కుట్టుచుండెను. తన బంధువగు కియాక్షుక్ అను వృద్ధుడు బొమ్మలు గీయుట చూచి తానును కాగితము కొని గీసి చూచెను. హూస్టన్ వానిని కొని, పూర్వపు జీవనవిధానమును చిత్రింపుమని చెప్పెను. అప్పటికామె వయస్సు ఏబది యేండ్లకు పైమాట.

ముద్రాచిత్రము ఒక్కరి చేతిపని కాదు. ఆమె కాగితముపై గీసిన బొమ్మను సంఘమువారు ఎన్నుకొందురు. శిల్పి దానిని నునుపుచేసిన రాతిపలకపై చెక్కి, సిరా పూసి, పలుచని కాగితము పరచి, చేతితో రుద్ది అచ్చుతీయును. సాధారణముగా ఏబది ప్రతులు తీసిన పిమ్మట ఆ రాతిపై మరల తీయరు. రచయిత్రి పేరును, చెక్కినవాని పేరును ప్రతిపై నుండును. 1960 మొదలు కడవరకును ఆమె చిత్రములు ఇంచుమించు ఏటేట అచ్చయ్యెను. అచ్చైనవి రెండువందలకు పైబడినవి. గీసినవి ఏడువేలకు తక్కువ కావు. ఏ విద్యాలయమునను చేరని యొక వితంతువు ఈ విధమున తన చేతి కష్టముతో ఇల్లు నిలిపెను.

ఆమె చిత్రములలో బిడ్డను వీపుసంచిలో మోయు తల్లులు, వేసవిడేరాలు, కుక్కలబండ్లు, వలసపోవు కుటుంబములు, పక్షులు, భూతములు కానవత్తురు. ఏ కుట్టు ఎచట వేయుదురో, ఏ సామాను పడవలో ఎచట నుంచుదురో ఆ రేఖలే చెప్పును. 1971లో ఆమె చెప్పిన జీవితకథ చిత్రములతోగూడ ఇన్యూట్ లిపిలోను, ఆంగ్లమునను పుస్తకముగా వచ్చెను. 1974లో రాయల్ కెనడియన్ అకాడమీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనెను. 1977లో ఆమెకు ఆర్డర్ ఆఫ్ కెనడా లభించెను. 1983 మే 28వ తేదీన ఆమె దివంగతురాలయ్యెను.

ఇచట ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఆమె చిత్రములలో దుఃఖము మిక్కిలి తక్కువ. ఆకలిని, బిడ్డల చావును ఎరిగిన స్త్రీ సంతోషమునే ఏల చిత్రించెను? కొనువారు పూర్వకాలపు సొగసును గోరిరనుట కొంత నిజము. కాని అంతమాత్రమున ఆమెది అసత్యమనరాదు. కష్టములలో గూడ బ్రతుకు తీపియని ఆమె నమ్మినది. దానిని దాచుకొనుట ఆమె హక్కు.

మిగిలినదానిని కూతురు చెప్పెను. నపాచీ పూటూగుక్ తన కడపటి సంవత్సరములలో బలవంతపు పెండ్లిండ్లను, భార్యలను కొట్టు భర్తలను, క్షామమును చిత్రించి 2002లో మరణించెను. నపాచీ కుమార్తె యానీ, పూర్వకాలమును విడిచి తన కాలపు వంటయింటిని, దూరదర్శనమును, సారాయిని, దెబ్బలను గీసి 2006లో సోబీ కళాపురస్కారమును పొందెను. 2016లో ఆమెయు గతించెను. మూడుతరముల స్త్రీలు పెన్సిలుతో ఒకే యింటి చరిత్రను వ్రాసిరి. వీరిలో ఏ యొక్కరినైనను తీసివైచినచో ఆ చరిత్ర కుంటిదగును.

పూర్వాచారములను కొందరు స్వర్గమందురు, కొందరు నరకమందురు. ఇరుపక్షములవారును ఆ యాచారములలో బ్రతికిన స్త్రీని అడుగుట మరతురు. తీర్పు చెప్పబోవువాడు మొదట తల్లిని అడుగవలెను; అంతతో నిలువక కూతును గూడ అడుగవలెను.