గిరణ్‌గావ్ అటకలు

ముంబయి నగరమున లోయర్ పరేలు ప్రాంతమందలి యొక ఆకాశహర్మ్యములో డ్యూప్లెక్సు గృహ మొకటి విక్రయమునకు వచ్చినట్లు తెలుపు ప్రకటన యీ మధ్య నా కంటబడెను. ఒకే యిల్లు రెండంతస్తులుగా నమరి, క్రింది చావడినుండి పై పడకగదులకు ఇంటి లోపలనే మెట్లు కలిగియుండుట దాని విశేషమనియు, ఒకనాడు కర్మాగారములతో నిండియుండిన యీ పేట నేడు రూపుమారి శ్రీమంతులకు నివాసయోగ్యమైనదనియు అందు వ్రాసియుండిరి. పేట రూపుమారిన మాట సత్యమే. ఇంటిలోపలి మెట్లు మాత్రము ఇచ్చట విశేషములు గావు. ఈ పేటలోని మిల్లు కార్మికులు ఒక్క గదిలో నిచ్చెన వేసికొని, తరతరములుగా రెండంతస్తులలోనే కాపురము చేసిరి. ఆ నిచ్చెన సంగతి తెలియనివానికి ఈ మెట్ల వెల యేమో తెలియదని నా నమ్మకము.

ఈ ప్రాంతమును మరాఠీవారు గిరణ్‌గావ్ అందురు. గిరణీ యనగా మిల్లు. మన తెలంగాణమున పిండిమరను గిర్ని యనుట యీ శబ్దముతోడనే. 1854లో కావస్‌జీ నానాభాయి దావర్ అను పారసీ వర్తకుడు స్థాపించిన నూలుమిల్లు తాడ్‌దేవ్‌లో 1856లో పని ప్రారంభించెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము సాగి, అచ్చటి దూది ఇంగ్లండునకు చేరకుండుటచే పశ్చిమభారతపు ప్రత్తికి వెల మిన్నంటగా, ముంబయి వర్తకులు గడించిన ధనములో కొంత యంత్రములై, పొగగొట్టములై తాడ్‌దేవ్ నుండి పరేలు వరకు మొలకెత్తెను. కొంకణపు తీరమునుండి, దక్కను మెట్టనుండి జనము తండోపతండములుగా వచ్చెను. పనిగంటలకు హద్దు లేని ఆ దినములలో నారాయణ్ మేఘాజీ లోఖండే యను మహనీయుడు 1884లో మిల్లు కూలీల సంఘమును నెలకొల్పి, ఆందోళన సల్పి, 1890లో ఆదివారపు సెలవును సాధించెను. నేడు ఆదివారమున విశ్రమించు మనలో ఆయన పేరు తలచువారెందరు?

పని దొరకినను తల దాచుకొనుటకు చోటు దొరకకుండెను. 1896లో ప్లేగు వ్యాపించి, ఇరుకు వాడలలో జనము రాలిపోవుచుండగా, 1898లో ప్రభుత్వము నగరాభివృద్ధికై ట్రస్టు నొకదానిని ఏర్పరచెను. అది పరేలులో కట్టించిన చాళ్‌లో, అనగా గదులు బారులుగా నమరిన కట్టడములో, రెండు గదులలోనే డాక్టరు అంబేద్కరు కుటుంబము 1912 మొదలు 1934 వరకు నివసించెను. పిమ్మట 1920 దశకమున బాంబే డెవలప్‌మెంటు శాఖవారు వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివ్‌డీ ప్రాంతములలో కాంక్రీటు చాళ్ళను కట్టించిరి. బి.డి.డి. చాళ్ళని నేటికిని వాటికి పేరు. ఒక్కొక్క కుటుంబమునకు 160 చదరపు అడుగుల గది యొకటి. గది మూలను నీళ్ళకు మోరీ. వెలుపల అందరికి నుమ్మడిగా నొక నడవ. దాని చివర నుమ్మడి మరుగుదొడ్లు.

ఆ గది వైశాల్యమున చిన్నదయ్యును ఎత్తున ఉదారమైనది. కార్మికుని బుద్ధి ఆ ఎత్తును పట్టుకొనెను. ఇరుప్రక్కల గోడలలోనికి దూలములు దిగగొట్టి, వాటిపై పలకలు పరచి, గదిలో సగము మేరకు అటక కట్టుకొనెను. దీనినే వారు పోట్‌మాళా యందురు. పోట్ అనగా పొట్ట, మాళా యనగా అంతస్తు. ఇంటి పొట్టలోని అంతస్తని భావము. నిటారుగా నిలువబడ వీలు లేదు, మోకాళ్ళపై ప్రాకవలెను. క్రింద వంట పొయ్యి వెలిగినప్పుడు పొగ తిన్నగా అచ్చటికే చేరును. అయినను ఇంట పెండ్లి జరిగినప్పుడు ఆ యటక మీది చోటు క్రొత్త దంపతులది. ఒక పాత చీరయే వారికి తలుపు. మగవారు నడవలో చాపలు పరచుకొందురు. వృద్ధులు, పిల్లలు క్రింద. రాత్రిపాళి ముగించి ఉదయమున వచ్చినవాడు, ఇల్లంతయు మేల్కొన్న వేళ నిచ్చెన యెక్కి, పగటి వెలుగునకు వీపు త్రిప్పి నిద్రించును. మిల్లు భోంగా కూయగానే క్రిందివారు లేతురు, పైవారు దిగుదురు.

ఈ గదులలో తెలుగు మాటయు బహుకాలముగా వినబడుచున్నది. నైజాము రాజ్యమునుండి వచ్చి పందొమ్మిదవ శతాబ్దమున నగరనిర్మాణమునకు రాళ్ళు మోసిన తెలుగు కామాఠీల పేరు కామాఠీపురమునకు నిలిచినది. వారి తరువాత కరీంనగరము, నల్లగొండ మొదలగు జిల్లాలనుండి పద్మశాలీలు మిల్లులలో నేతపనికై వచ్చి వర్లీ, పరేలు ప్రాంతముల స్థిరపడిరి. మగ్గమును మిల్లులో సాంచా యందురు. సిరిసిల్ల వీధులలో మరమగ్గమునకు నేటికిని అదే పేరు. ఆ సాంచాల వద్ద కూలి యెక్కువ. కాని నాడెలో కొత్త కండె పెట్టినప్పుడెల్ల నేతగాడు దారపు కొసను నాడె కంటినుండి నోటితో పీల్చి లాగవలసియుండెను గావున, ఒకరి యెంగిలి ఒకరికి సోకునను నెపమున దళితులను నేతశాల గడప త్రొక్కనీయకుండిరి. 1928 నాటి మహాసమ్మెలో అంబేద్కరు ఈ విషయమును సూటిగా ప్రశ్నించెను. ఒకే మిల్లు కప్పు క్రింద, ఒకే సమ్మెలో పస్తులుండిన వారి నడుమ ఈ గీత చెరగకుండుట నన్ను నేటికిని బాధించును.

1982 జనవరి 18న డాక్టరు దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పని మానిరి. 1946 నాటి చట్టము ఒక్క గుర్తింపు సంఘమునకే యజమానులతో మాటలాడు అధికార మిచ్చుటయు, ఆ సంఘమందు కార్మికులకు విశ్వాసము నశించుటయు కూలి తగాదాతో కలిసి ఆ సమ్మెకు మూలములయ్యెను. అది ఏనాడును లాంఛనముగా విరమింపబడలేదు, కరగిపోయినది. బట్ట నేయుట భివండీ మరమగ్గములకు తరలిపోగా, ముంబయిలో మిగిలినది సుమారు 600 ఎకరముల భూమి. బట్టకంటె భూమి ప్రియమైనది.

ఆ భూమిని పంచుటకు 1991లో ఒక నియమము వచ్చెను. మిల్లు స్థలమును అభివృద్ధి చేయదలచినచో, మూడవ వంతు నగరమునకు ఉద్యానములకై, మూడవ వంతు సామాన్యుల గృహములకై విడిచి, తక్కిన మూడవ వంతును యజమాని అనుభవింపవచ్చును. ఇది ధర్మమైన పంపకమే. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక సంఘము మిల్లు భూములను కలిపి తీర్చిదిద్దుటకు ప్రణాళికయు సిద్ధపరచెను. 2001లో ఆ నియమమును సవరించి, మూడు వంతుల లెక్క ఖాళీ నేలకు మాత్రమే వర్తించునని, కట్టడములున్న నేల వాటిని కూల్చిన పిమ్మటను లెక్కలోనికి రాదని చేసిరి. మిల్లు ప్రాంగణములో ఖాళీ నేల యెంత యుండును? నగరమునకు దక్కవలసిన తోటలు, కార్మికునకు దక్కవలసిన ఇండ్లు ఆ ఒక్క సవరణతో సన్నగిల్లెను. 2005లో హైకోర్టు ప్రజల పక్షమున తీర్పు చెప్పినను, 2006లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. ఫీనిక్స్ మిల్లు పొగగొట్టము నేడొక విపణి ప్రాంగణమున అలంకారమై నిలిచియున్నది. శ్రీనివాస మిల్లు నేలపై మేఘములను తాకు సౌధము లేచినది. 2012లో మాజీ కార్మికులకు చీట్లు తీసి పంచిన ఇండ్ల వైశాల్యము 225 చదరపు అడుగులు.

వర్లీలో కూల్చిన బి.డి.డి. చాళ్ళ స్థానమున లేచిన సౌధములలో 556 కుటుంబములకు 2025 ఆగస్టున 500 చదరపు అడుగుల ఇండ్ల తాళములు చేతికి వచ్చెను. ఇది సంతోషింపదగిన మాట, సందేహము లేదు. తమ వంతునకై యింకను వేచియున్న ఒక చాళ్‌లో, కరీంనగరమునుండి చిన్ననాటనే వచ్చిన ఒక వృద్ధ పద్మశాలీ నన్ను తన గదిలోనికి పిలిచి, గోడకు తగిలించిన నిచ్చెనను దించి చూపెను. నాలుగవ మెట్టు నడుమ పాదము ఆనెడిచోట కొయ్య అరచేయివలె గుంటపడి నునుపెక్కి యుండెను.

“మా లగ్గమైనంక ఆరేండ్లు ఆ మీదనే ఉన్నం సారూ,” అనెను. “పెద్దోడు ఆడనే పుట్టిండు. నడుసుడు నేర్వకముందే నిచ్చెన దిగుడు నేర్సిండు.”

క్రొత్త ఇంటికి ఏమేమి తీసికొనిపోవుదువని నేనడిగితిని. ఆయన గదిని కలయజూచి, దేవుని పటమును, ఇత్తడి బిందెను, కుట్టుమరను ఒక్కొక్కటిగా చేతితో చూపెను. పిమ్మట ఒడిలోని నిచ్చెనవైపు చూచి, “దీన్ని యాడ వెట్టాలె సారూ?” అని, నా ప్రత్యుత్తరమునకై యాగక, దానిని మరల గోడకు తగిలించెను.