చీరాల బజారు

చీరాల బజారు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, బాపట్ల జిల్లాలోని చీరాల పట్టణపు వ్యాపార కేంద్రం. బంగాళాఖాతం తీరానికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో, విజయవాడ - చెన్నై రైలు మార్గంపై ఉన్న ఈ పట్టణం వస్త్ర వ్యాపారానికి ప్రసిద్ధి చెందినది. ఈ కారణంగానే దీనిని "చిన్న బొంబాయి" అని కూడా పిలుస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా సుమారు 87 వేలు. ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద బట్టల బజారు ఏర్పడటానికి చుట్టుపక్కల గ్రామాలలోని చేనేత, సముద్రపు రేవులు, ఆ తరువాత వచ్చిన రైలు ముఖ్య కారణాలు. 1921లో పన్నుల వివాదంపై ఈ ఊరి ప్రజలు ఇళ్ళను, అంగళ్ళను విడిచి ఊరి బయటకు తరలిపోవటం భారత స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో చీరాల-పేరాల ఉద్యమంగా నిలిచిపోయింది.

ఉనికి

చీరాల, దానికి ఆనుకొని ఉన్న పేరాల ఒకప్పుడు వేర్వేరు గ్రామాలు. ఇప్పుడు రెండింటి మధ్య హద్దు కొత్తవారికి కనిపించదు. ఈ ప్రాంతం 1904 నుండి గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. తెల్లని ఇసుక నేల వలన ఈ ఊరికి "క్షీరపురి" అనే పేరు వచ్చిందని, అదే చీరాలగా మారిందని చెబుతారు. చీరలు నేసే ఊరు కనుక చీరాల అయినదని మరికొందరంటారు. రెండవది బజారుకు బాగా నచ్చిన వ్యుత్పత్తి. జాండ్రపేట, వేటపాలెం, దేశాయిపేట, ఈపూరుపాలెం మొదలైన సమీప గ్రామాలలో నేత ప్రధాన వృత్తిగా ఉండేది. వీటిలో వేటపాలెం జీడిపప్పు వ్యాపారానికి, 1918లో స్థాపించబడిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి కూడా పేరు పొందినది.

పూర్వ చరిత్ర

చీరాలకు దక్షిణంగా ఇదే తీరంలో ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అక్కడ వేయించిన అభయ శాసనం ప్రసిద్ధమైనది. తుఫానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకును అంతకు ముందు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. ఇకపై అట్లు చేయబోమని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకొంటామని ఈ శాసనం దూర దేశాల వర్తకులకు హామీ ఇచ్చినది. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు ఈ తీరాన్ని గురించి వ్రాసిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఇక్కడి సన్నని వస్త్రాలను ఎంతో మెచ్చుకొన్నాడు. చీరాలకు సమీపంలోని వాడరేవును "ఓడరేవు" అని కూడా అంటారు. ఆ ఊరు ఒకప్పుడు ఏమి చేసేదో పేరే చెబుతున్నది. అక్కడ నేడున్నది జాలరుల పల్లె, దీపస్తంభం, సముద్ర స్నానాల రేవు.

రేవుల గుండా విదేశాలకు వెళ్ళిన చీరాల సరుకులలో ముఖ్యమైనది తేలియా రుమాలు. నూలును నూనెలోను, ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిద నీటిలోను రోజుల తరబడి మార్చి మార్చి నానబెట్టి, పిసికి, ఎండబెట్టిన తరువాతనే రంగు వేసేవారు. నూనె వాసన చాలాకాలం నిలిచి ఉండటం వలననే దీనికి "తేలియా" అనే పేరు వచ్చినది. ఎరుపు, నలుపు, తెలుపు రంగులలో, పడుగును, పేకను కూడా ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే ఈ చదరపు గుడ్డలు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. వాటిని అక్కడివారు తలగుడ్డలుగా వాడేవారు. వర్తకులు వీటిని "ఆసియా రుమాళ్ళు" అని కూడా అనేవారు. ఇక్కడి జాలరులు, పశువుల కాపరులు వీటిని లుంగీలుగా, తలపాగాలుగా కట్టుకొనేవారు. అనగా ఒకే గుడ్డ ఒక చోట ఎగుమతి సరుకు, మరొక చోట పని బట్ట.

ఇరవయ్యవ శతాబ్దంలో ఎగుమతులు పడిపోవటంతో చీరాలలో ఈ నేత క్రమంగా అంతరించినది. ఈ విద్యను నిలబెట్టినవారు పూర్వపు నల్గొండ జిల్లాలోని పుట్టపాక (ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా) నేతగాండ్రు. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు ఆ గౌరవం పుట్టపాకకే దక్కినది. అది న్యాయమే కాని, చీరాల పేరు ఆ గుడ్డ చరిత్రలో మాత్రమే మిగిలినది.

1899లో మద్రాసు - బెజవాడ రైలు మార్గం పూర్తి అయిన తరువాత సరుకు దారి మారినది. అంతవరకు సముద్రం వైపు చూసిన వ్యాపారం రైలు స్టేషను వైపు తిరిగినది. బొంబాయి, అహ్మదాబాదు మిల్లుల గుడ్డ బేళ్ళుగా దిగటం, ఇక్కడి చేనేత సరుకు అదే రైలులో బయటకు వెళ్ళటం సాధ్యమైనాయి.

1921లో ఖాళీ అయిన బజారు

చీరాల, పేరాల గ్రామాలు మొదట యూనియన్ పాలనలో ఉండేవి. మద్రాసు ప్రభుత్వం వీటిని కలిపి మునిసిపాలిటీగా మార్చినది. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏటా సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను మునిసిపాలిటీ అయిన తరువాత సుమారు 40,000 రూపాయలకు పెరిగినది. ఊరిలో ఎక్కువమంది నేతపనివారు, చిన్న వర్తకులు, రైతులు. ఈ భారం తమకు తగదని, మునిసిపాలిటీయే తమకు వద్దని వారు ప్రభుత్వానికి విన్నవించారు. స్థానిక పాలన శాఖ మంత్రి పానగల్లు రాజా (పానగంటి రామరాయణింగారు) దీనికి అంగీకరించలేదు. పన్ను చెల్లించటానికి నిరాకరించినవారు జైలుకు వెళ్ళారు; వారిలో ఒక మహిళ కూడా ఉన్నది.

ఉద్యమానికి నాయకుడు "ఆంధ్రరత్న" దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889-1928). ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన ఆయన "రామదండు" అనే స్వచ్ఛంద సేవకుల దళాన్ని ఏర్పరచాడు. బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశాలు ముగిసిన కొద్ది రోజులకే, 1921 ఏప్రిల్ 6న, మహాత్మా గాంధీ చీరాల వచ్చాడు. పన్ను నిరాకరించి శిక్షలను సహించటం ఒక మార్గమని, మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్ళిపోవటం మరొక మార్గమని, దేనిని ఎంచుకొన్నా కాంగ్రెసు నుండి ధనసహాయం ఆశించరాదని ఆయన సలహా ఇచ్చాడు. ప్రజలు రెండవ మార్గాన్ని ఎంచుకొన్నారు. ఏప్రిల్ చివరలో, మంచి ఎండాకాలంలో, సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఊరు విడిచి, శివార్లలో వేసుకొన్న పాకలలోకి మారారు. ఆ కొత్త నివాసానికి రామనగరం అని పేరు పెట్టుకొన్నారు. అక్కడ తమ ప్రతినిధులను తామే ఎన్నుకొని, తగవులు తీర్చుకోవటానికి పంచాయతీలను ఏర్పరచుకొన్నారు.

ఈ ఉద్యమాన్ని గురించిన రచనలలో నాయకుల ప్రసక్తి ఎక్కువగా, బజారు ప్రసక్తి తక్కువగా ఉంటుంది. కాని మునిసిపల్ పన్ను ఇళ్ళపైన, వృత్తులపైన వేసేది. ఇళ్ళలో మనుషులు, అంగళ్ళలో బేరాలు లేనప్పుడు మునిసిపాలిటీ కాగితం మీద మాత్రమే మిగులుతుంది. వర్తకునికి మాత్రం అంగడి మూయటం మిగిలినవారికన్నా కష్టం. పొలం ఎక్కడికీ పోదు, మగ్గాన్ని విప్పి మోసుకొని పోవచ్చు. వాడుక దారి తప్పితే తిరిగి రాకపోవచ్చు. అయినా దాదాపు 11 నెలలు ఈ ప్రతిఘటన సాగింది. బరంపురంలో నిషేధాజ్ఞను అతిక్రమించి ప్రసంగించినందుకు గోపాలకృష్ణయ్యకు ఒక సంవత్సరం జైలు శిక్ష పడినది. నాయకుడు లేక, చేతిలో డబ్బు అయిపోయి, 1922 ఫిబ్రవరిలో గాంధీ శాసనోల్లంఘన ఆలోచనను విరమించిన తరువాత ప్రజలు క్రమంగా తమ ఇళ్ళకు తిరిగి వచ్చారు.

అంగళ్ళ తీరు

గడియార స్తంభం కూడలి, దాని చుట్టుపక్కల వీధులు పట్టణానికి నడిబొడ్డు. బట్టల టోకు వ్యాపారానికి ఎం.జి.సి. మార్కెట్ (మహాత్మా గాంధీ క్లాత్ మార్కెట్) ముఖ్య స్థానం. వరుసలుగా ఉన్న చిన్న చిన్న దుకాణాలలో చీరలు, పంచెలు, లుంగీలు, తువాళ్ళు, జాకెట్ ముక్కలు, తానుల గుడ్డ, కట్ పీసులు అమ్ముతారు. పాత పద్ధతి దుకాణంలో బల్లలు, కుర్చీలు ఉండవు. నేలపై పరచిన తెల్లని పరుపుపై షావుకారు, గుమాస్తాలు కూర్చొని, వచ్చినవారి ముందు తాను తరువాత తాను విప్పుతారు. కొననివారికి కూడా పది చీరలు విప్పి చూపటం, తరువాత వాటిని మడత చెదరకుండా సర్దటం గుమాస్తా నేర్చుకొనే మొదటి విద్య.

ఇక్కడి బేరంలో పల్లెల నుండి వచ్చే చిల్లర వర్తకులకు పెద్ద భాగం ఉన్నది. ఉదయం రైలులోనో బస్సులోనో దిగి, సరుకు ఎంచుకొని, మూట కట్టుకొని సాయంత్రానికి తిరిగి వెళ్ళే ఈ మూట వ్యాపారులు తమ ఊళ్ళలో వాయిదాల మీద అమ్ముతారు. అందువలన బజారుకు అరువు ప్రాణం. పంట చేతికి రాని ఏడాది పల్లెలో వాయిదా ఆగుతుంది, తరువాత దుకాణంలో ఖాతా ఆగుతుంది, చివరకు మగ్గం దగ్గర మజూరీ ఆగుతుంది. మాఘ, ఫాల్గుణ మాసాలలోను, శ్రావణంలోను పెళ్ళి బట్టల బేరాలు జోరుగా సాగుతాయి. ఆషాఢంలో తగ్గింపు ధరలు పెడతారు.

బట్టల చుట్టూ ఇతర వ్యాపారాలు పెరిగాయి. దర్జీలు, దారాలు, గుండీలు అమ్మేవారు, అద్దకపువారు, లాడ్జీలు, మెస్సులు ఈ బేరం మీదనే ఆధారపడినవారు. పొగాకు కంపెనీ కూడా ఈ పట్టణంలో చాలామందికి, ముఖ్యంగా ఆకు వేరుచేసే పనిలో స్త్రీలకు, ఉపాధి కల్పించినది. వాడరేవు నుండి చేపల గంపలు వస్తాయి. వంజరం, చందువ, రొయ్యలతో పాటు ఎండు చేపలకు కూడా మంచి గిరాకీ ఉన్నది. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానానికి వచ్చే జనం తిరుగు దారిలో బజారులో బట్టలు, వేటపాలెం జీడిపప్పు కొనుక్కొని వెళ్ళటం రివాజు.

మగ్గం, అంగడి

చీరాల ప్రాంతపు చీరలలో కుప్పడం చీర పేరెన్నిక గన్నది. ఇందులో చీర నడుమ భాగానికి, అంచులకు వేర్వేరు రంగుల పేకలను వేర్వేరు నాడెలతో నేసి, అంచు మొదలయ్యే చోట రెండు పేకలను ఒకదానితో ఒకటి పెనవేస్తారు. దీనికి మగ్గం వద్ద రెండవ మనిషి సాయం కావాలి. అందువలన ఖర్చు, సమయం ఎక్కువ.

నేతగానికి, దుకాణానికి మధ్య సాధారణంగా మాస్టర్ వీవర్ ఉంటాడు. నూలు, పట్టు అతడు ఇస్తాడు. చీర అతడు తీసుకొంటాడు. నేసినవారికి ముట్టేది మజూరీ మాత్రమే. సహకార సంఘాలు ఈ పద్ధతికి ప్రత్యామ్నాయంగా వచ్చాయి. చీరాల శాసనసభ్యుడిగా, తరువాత రాజ్యసభ సభ్యుడిగా పనిచేసిన ప్రగడ కోటయ్య చేనేత పనివారి తరఫున జీవితకాలం పోరాడాడు. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాసంస్థకు ఆయన పేరు పెట్టారు.

1985లో పార్లమెంటు కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకిస్తూ చట్టం చేసినది. అయినా మరమగ్గాల అనుకరణ ఆగలేదు. 1991లో నూలు ధరలు పెరిగి, మగ్గాలు ఆగి, ప్రకాశం, గుంటూరు జిల్లాలలో చేనేత పనివారి ఆకలి చావులు సంభవించాయి. నేతగాండ్రు తిండి లేక చనిపోతున్న ఆ రోజులలో దుకాణాలకు సరుకు కొరత రాలేదు. బయటి మరమగ్గాల గుడ్డ రైలులో వస్తూనే ఉన్నది. చీరాల బజారు ఇక చీరాల మగ్గంపై ఆధారపడటం లేదని అప్పుడు స్పష్టమైనది.

ఇటీవలి పరిణామాలు

2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు నగదుపై, అరువుపై నడిచే ఈ వ్యాపారాన్ని కుంగదీసినది. 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చి గుడ్డపై 5 శాతం పన్ను పడినప్పుడు దేశంలో పలుచోట్ల బట్టల వర్తకులు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. లెక్కల పుస్తకాన్ని ఎర్ర గుడ్డ అట్టతో కట్టుకొన్న చిన్న వర్తకునికి పన్ను మొత్తం కన్నా నెల నెలా పత్రాలు నింపటమే భారమైనది. 2020లో కరోనా లాక్‌డౌన్ సరిగా పెళ్ళిళ్ళ కాలంలో వచ్చినది.

గత రెండు దశాబ్దాలలో వాడరేవు, రామాపురం తీరాలకు హైదరాబాదు నుండి వచ్చే యాత్రికులు పెరిగారు. ముఖద్వారానికి అద్దాలు అమర్చిన పెద్ద షోరూములు, తీరం వెంట రిసార్టులు వచ్చాయి. ఎం.జి.సి. మార్కెట్‌లోని చిన్న దుకాణాలు ఇప్పుడు ఫోనులో చీరల ఫోటోలు పంపి కూడా బేరాలు చేస్తున్నాయి. చీరాల కుప్పడం అని అమ్మే చీరలలో మగ్గంపై నేసినవి, మరమగ్గంపై నేసినవి రెండూ ఉంటాయి. అంచు కలిసే చోట చీరను తిరగవేసి, పెనవేసిన పేకను వేలితో తడిమి చూసి తేడా గుర్తుపట్టే కొనుగోలుదారులు నానాటికీ తగ్గుతున్నారు.