బొగ్గు పొరలు, కారిబూ మందలు: రాకీ పర్వత పాదాల నుంచి మనకో పాఠం

సింగరేణి పేరు వినని వారు మనలో ఉండరు. అక్కడి బొగ్గు ఎక్కువగా కరెంటు తయారీకి పోతుంది. ఉక్కు తయారీకి కావలసింది వేరే రకం. దాన్ని కోకింగ్ బొగ్గు అంటారు. గాలి తగలకుండా వేడిచేస్తే అది మెత్తబడి, ఉబ్బి, గట్టి కోక్‌గా మారుతుంది. ఉక్కు కర్మాగారంలోని పెద్ద కొలిమిలో ఇనుప ఖనిజం బరువును మోసేది, ఆ ఖనిజం నుంచి ఇనుమును విడదీసేది ఆ కోకే. మన విశాఖ ఉక్కు కర్మాగారం కూడా ఈ బొగ్గును ఎక్కువగా విదేశాల నుంచే తెప్పించుకుంటుంది.

ఇది దొరికే చోట్లలో ఒకటి కెనడా దేశంలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం. అక్కడ రాకీ పర్వతాల పాదాల వెంట, పీస్ నది ప్రాంతంలో, డనె-జా, క్రీ ఆదివాసులు నివసిస్తున్నారు. వారి చరిత్ర మన యువత తెలుసుకోవలసినది.

సుమారు 11 కోట్ల ఏళ్ల కిందట అక్కడ కొండలు లేవు. సముద్రపు ఒడ్డున చిత్తడి అడవులు ఉండేవి. ఆ చెట్లు, ఆకులు మట్టి కింద పూడిపోయి, లోతులోని వేడికి, ఒత్తిడికి మేలైన బొగ్గు అయ్యాయి. తరువాత పర్వతాలు పైకి లేస్తున్నప్పుడు ఆ పొరలు మడతలు పడ్డాయి, విరిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. అందుకే అక్కడ ఒక పొర ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో పైనుంచి చూసి చెప్పలేం. బాటలు వేయాలి, కందకాలు తవ్వాలి, బోర్లు దింపాలి. ఆ పైన కోక్ ఎలా వస్తుందో చూడటానికి వేల టన్నుల నమూనా తీయాలి. అన్వేషణ అంటే కాగితం మీద గీతలు మాత్రమే కాదు, అడవిలో పనే.

పీస్ నది లోయలో బొగ్గు ఉందని 1793లోనే అలెగ్జాండర్ మెకెంజీ అనే యాత్రికుడు గమనించాడు. కానీ దూరం, కొండలు అడ్డుపడ్డాయి. 1981లో జపాన్ ఉక్కు కంపెనీలతో ఒప్పందం కుదిరాక, సొరంగాలు తొలిచి రైలుమార్గం వేశారు, టంబ్లర్ రిడ్జ్ అనే కొత్త పట్టణాన్ని కట్టారు. క్వింటెట్, బుల్‌మూస్ అనే రెండు పెద్ద గనులు తెరిచారు. బొగ్గు ధర పడిపోయాక 2000లో ఒకటి, 2003లో రెండోది మూతపడ్డాయి.

ఆ నేల మీద ఆదివాసుల హక్కు అంతకన్నా పాతది. 1899లో మొదలైన 8వ ఒప్పందం సమయంలో, వేట, చేపల పట్టు పూర్వంలాగే సాగుతాయని ప్రభుత్వ ప్రతినిధులు మాట ఇచ్చారు. వారి వేటలో ముఖ్యమైనది కారిబూ, అంటే చలి ప్రాంతపు పెద్ద దుప్పి. మందలు తగ్గిపోతుంటే 1970ల నుంచి వెస్ట్ మోబర్లీ ప్రజలు తమంతట తామే కారిబూ వేట మానుకున్నారు.

ఇంతలో బర్న్ట్ పైన్ అనే మంద తిరిగే చోట 50,000 టన్నుల బొగ్గు నమూనా తీయడానికి ఒక కంపెనీకి అనుమతి వచ్చింది. మందలో మిగిలింది సుమారు 11 జీవాలే. వెస్ట్ మోబర్లీ ప్రజలు కోర్టుకు వెళ్లారు. తమను సరిగా సంప్రదించలేదన్న వారి వాదనను 2011లో రాష్ట్ర అప్పీలు కోర్టు సమర్థించింది. అయినా ఆ చిన్న మంద నిలవలేదు.

వారు అక్కడితో ఆగలేదు. 2014 నుంచి సాల్టో తెగతో కలిసి, పక్కనున్న క్లిన్సే-జా మందలోని చూలు కారిబూలను ఈనే కాలంలో కంచెలో ఉంచి కాపలా కాస్తున్నారు. తోడేళ్ల సంఖ్యను కూడా తగ్గించారు. 2013లో 38 ఉన్న ఆ మంద 2021 నాటికి వంద దాటింది.

మన బొర్రా, అనంతగిరి ప్రాంతం నుంచి వెళ్లిన సమత కేసులో, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు చోట్లా అడగవలసిన వేళకు అడిగినవారు ఉన్నారు కాబట్టే ఆ తీర్పులు వచ్చాయి.

గని తెరిచాక అడిగితే ఆలస్యమవుతుంది. మొదటి బోరు దిగేటప్పుడే మనం అడగాలి. అందుకు మన పిల్లల్లో భూగర్భ శాస్త్రం చదివినవారు, మ్యాపు చదవగలిగినవారు, చట్టం తెలిసినవారు కావాలి. ఏ వాగు ఎక్కడ పుడుతుందో, ఏ జీవం ఎప్పుడు ఎటు వెళుతుందో మన పెద్దలకు తెలుసు. ఆ తెలివిని రాసి పెట్టుకునే పని మన యువతది.